పిల్లలకి పగ్గాలిస్తే ప్రపంచ పౌరులవుతారా?

ప్రీస్కూళ్ల బ్రోషర్లలో రెండు మాటలు జంటగా కనిపిస్తుంటాయి. మా దగ్గర చదువు ‘చైల్డ్ లెడ్’, అంటే పిల్లల ఆసక్తి ముందు నడుస్తుంది, టీచర్ వెనక నడుస్తుంది అనేది ఒకటి. మేము ‘గ్లోబల్ సిటిజన్స్’ని, ప్రపంచ పౌరుల్ని తయారుచేస్తాం అనేది రెండోది. మొదటిది చేస్తే రెండోది దానంతటదే వచ్చేస్తుందన్నట్టు రాస్తారు. అందుకే ఎవరూ ఆగి అడగరు. బ్లాకులతో తనకి నచ్చినట్టు ఆడుకున్న మూడేళ్ల పిల్ల, పెద్దయ్యాక ముక్కూమొహం తెలియని మనిషి కష్టాన్ని పట్టించుకుంటుందని నమ్మకమేంటి?

సంబంధం ఉంది, కాకపోతే బ్రోషర్ చెప్పినంత సూటిగా లేదు. ఇవి రెండు వేరువేరు హామీలు. ఒకటి పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నదాని గురించి, ఇంకోటి ఎవరితో ఎలా బతకాలన్నదాని గురించి. మొదటిదాన్నుంచి రెండోదానికి వెళ్లే దారిలో పెద్దవాళ్లు చేయాల్సిన పని చాలా ఉంది. ఆ పని ఎవరూ చేయకపోతే పిల్లల చేతికి పగ్గాలు ఇచ్చినంత మాత్రాన మంచి పౌరులు అవ్వరు. చరిత్రా, పరిశోధనా రెండూ ఇదే చెబుతున్నాయి.

వదిలేయడం కాదు

‘చైల్డ్ లెడ్’ అనగానే చాలామంది తల్లిదండ్రులకి వచ్చే అనుమానం, పిల్లల్ని గదిలో వదిలేసి టీచర్ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుందేమోనని. ఆ భయం ఊరికే పుట్టలేదు. పేరు తగిలించుకుని అలా నడిపేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఈ పద్ధతికి పునాది వేసినవాళ్లు ఎవరూ అలా చేయమనలేదు.

1907 జనవరి 6న మరియా మాంటిస్సోరి రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో తన మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచింది. అక్కడ ఏ పని చేయాలో, ఎంతసేపు చేయాలో పిల్లలే ఎంచుకుంటారు. ఎంచుకునేది మాత్రం ఒక్కొక్కటీ ఆలోచించి అరల్లో సర్దిపెట్టిన సామగ్రిలోంచే. ఇందులో నాకు బాగా నచ్చిన చిన్న ఏర్పాటు ఒకటుంది. మాంటిస్సోరి గదిలో ఏ వస్తువైనా మామూలుగా ఒక్కటే ఉంటుంది. ఒకదానిమీద ఒకటి పేర్చే పది గులాబీరంగు ఘనాల సెట్టు ఉందనుకోండి, అది ఒక్కటే. ఒక పిల్ల దాన్ని చాప మీద పరుచుకుని కూర్చుంటే, అదే కావాలనుకున్న పిల్లాడు ఆమె పని ముగించి అరలో తిరిగి పెట్టేదాకా ఆగాలి. డబ్బుల్లేక ఒక్కటే కొన్నారనుకోకండి, కావాలనే అలా పెట్టారు. ఇంకోటి తెప్పిస్తే గొడవ వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. నిజమే. గొడవతో పాటు ఆగడం, అడగడం, అవతలి మనిషి పనిలో ఉందని గుర్తించడం కూడా పోతాయి.

ఇటలీలోనే ఉత్తరాన ఉన్న రెజియో ఎమిలియా పట్టణపు ప్రీస్కూళ్ల తీరు వేరు. అక్కడ ముందే రాసిపెట్టిన సిలబస్ ఉండదు. పిల్లల ప్రశ్నల్లోంచి ప్రాజెక్టులు పుడతాయి. ఆ తీరులో పని ఎలా నడుస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పాప ఎండలో తన నీడని తొక్కాలని గెంతుతోంది, అది చిక్కడం లేదు. టీచర్ వెంటనే సూర్యుడూ కిరణాలూ అని పాఠం మొదలుపెట్టదు. “రాత్రి నీ నీడ ఎక్కడికి పోతుంది?” అని అడుగుతుంది. పాప “ఇంటికి పోయి పడుకుంటుంది” అంటుంది. పక్కనున్న పిల్లాడు ఒప్పుకోడు, “పోదు, మన లోపల దాక్కుంటుంది” అంటాడు. టీచర్ ఇద్దరి మాటలూ వాళ్లు అన్నట్టే రాసుకుంటుంది. మర్నాడు అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించి, ఎవరిది నిజమో ఎలా తేల్చుకుందామని అడుగుతుంది. సుద్దముక్క ఇస్తుంది, టార్చిలైటు ఇస్తుంది. పొద్దున గీసిన నీడ గీతలోంచి మధ్యాహ్నానికి నీడ పక్కకి జరిగిపోయి ఉంటుంది. అంతా మళ్లీ వాదన.

పైకి ఇది సైన్సులా కనిపిస్తుంది. పిల్లలు నేర్చుకుంటున్నది మాత్రం అదొక్కటే కాదు. నా మాటని ఒక పెద్దమనిషి కాగితం మీద పెట్టింది. నాకు నచ్చని మాటని కూడా అంతే మర్యాదగా పెట్టింది. ఎవరు గట్టిగా అరిచారన్నదాన్ని బట్టి కాకుండా, చూసి తేల్చుకున్నాం. పౌరుడు అన్న మాటకి ఇంతకంటే గట్టి పునాది నాకు తోచదు. అయితే గమనించండి, ఇక్కడ టీచర్ పని తగ్గలేదు. పుస్తకంలో ఉన్నది చెప్పి పంపేయడం కంటే ఇది చాలా కష్టం.

లెక్కలు ఏమంటున్నాయి

ఈ పద్ధతి మీద పొగడ్తలూ ఎక్కువే, కోపమూ ఎక్కువే. కోపానికి ఆధారం ఉంది. తెలియని విషయాన్ని ఎవరి సాయమూ లేకుండా కనుక్కోమంటే కొత్తగా నేర్చుకునేవాళ్ల బుర్ర మీద భారం పెరుగుతుందని, స్పష్టంగా చెప్పి నేర్పడమే మేలని 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు గట్టిగా వాదించారు. ఆ వాదనని పక్కన పడేయలేం. అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకెని ఏ పిల్లా ఇసుకలో ఆడుకుంటూ తనంతట తాను కనిపెట్టదు, ఎవరో ఒకరు చూపించాలి.

కాకపోతే, పూర్తిగా వదిలేయడం, కూర్చోబెట్టి చెప్పడం అని రెండే దారులున్నాయనుకోవడం తప్పు. మధ్యలో ‘గైడెడ్ ప్లే’ ఉంది. పెద్దవాళ్లు ఒక లక్ష్యం పెట్టుకుని ఆటని అమరుస్తారు, ఆట మాత్రం పిల్లల చేతిలో ఉంటుంది. ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి 2022లో చేసిన ఒక సమీక్షలో, చిన్నవయసు లెక్కల్లో, ఆకారాలు గుర్తుపట్టడంలో, ఒక పని నుంచి ఇంకో పనికి దృష్టి మళ్లించడంలో నేరుగా చెప్పే పాఠం కంటే ఈ మధ్యేమార్గమే మెరుగ్గా కనిపించింది.

మాంటిస్సోరి విషయంలో కూడా గట్టి ఆధారాలు పోగవుతున్నాయి. సీట్ల కోసం లాటరీ వేసే బడులు పరిశోధకులకి వరం. లాటరీ తగిలిన పిల్లల్నీ తగలని పిల్లల్నీ పోల్చొచ్చు, తల్లిదండ్రుల శ్రద్ధలో తేడా వల్ల ఇలా వచ్చిందన్న అనుమానం చాలావరకు తీరిపోతుంది. అమెరికాలోని మిల్వాకీలో చేసి 2006లో ‘సైన్స్’ పత్రికలో వేసిన అధ్యయనంలో, ఒక వస్తువు కోసం ఇద్దరు పిల్లలు పోట్లాడుకుంటున్న కథ చెప్పి ఏం చేయాలని అడిగితే, మాంటిస్సోరిలో చదివిన ఐదేళ్ల పిల్లలు ‘ఎవరి వంతు, ఏది న్యాయం’ అన్న కారణాలు ఎక్కువగా చెప్పారు. 2025లో అమెరికాలోనే 24 ప్రభుత్వ మాంటిస్సోరి బడుల మీద, 588 మంది పిల్లలతో వచ్చిన పెద్ద అధ్యయనంలో, కిండర్‌గార్టెన్ ముగిసేసరికి చదవడంలోనే కాదు, అవతలివాళ్లు ఏమనుకుంటున్నారో గ్రహించడంలో కూడా వీళ్లు ముందున్నారు.

వీటిని చూసి ఎగిరి గంతేయక్కర్లేదు. 1962లో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగాన్ని అందరూ ఉదాహరిస్తారు. 123 మంది పేద నల్లజాతి పిల్లల్ని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకి మాత్రం ప్రీస్కూల్ ఇచ్చి, 40 ఏళ్ల వయసు దాకా గమనించారు. ప్రీస్కూల్‌కి వెళ్లినవాళ్లు ఎక్కువ సంపాదించారు, తక్కువసార్లు అరెస్టయ్యారు. అక్కడ పిల్లలు తాము ఏం చేస్తారో ముందు చెప్పి, చేసి, చేశాక దాని గురించి మాట్లాడేవాళ్లు. దీన్ని పట్టుకుని ‘చైల్డ్ లెడ్ గెలిచింది’ అంటారు. అదే ప్రయోగంలో బాగా చదువుకున్న టీచర్లు ఉన్నారు, ఒక్కొక్కరి చేతికింద కొద్దిమంది పిల్లలే ఉన్నారు, టీచర్లు వారం వారం ఇళ్లకి వెళ్లి తల్లులతో కూర్చున్నారు. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. ఇంత ఖర్చుపెట్టని బడి ఈ ఫలితాన్ని తన బ్రోషర్లో రాసుకోవడం మాత్రం అన్యాయం.

ముస్సోలినీకీ నచ్చిన పద్ధతి

పసిపిల్లల చదువుకీ రాజకీయానికీ సంబంధం లేదనుకుంటాం. పాలకులు ఎప్పుడూ అలా అనుకోలేదు. కిండర్‌గార్టెన్‌ని మొదలుపెట్టిన ఫ్రోబెల్ బళ్లని అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం 1851లో నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నూరిపోస్తున్నారని ఆరోపణ. ఫ్రోబెల్ మరుసటి ఏడే చనిపోయాడు, నిషేధం మాత్రం 1860 దాకా ఉంది. బంతులూ చెక్క దిమ్మలూ పెట్టి పిల్లల్ని ఆడించిన పెద్దాయనకి అంత భయపడ్డారు.

మాంటిస్సోరి కథ ఇంకా చిక్కు. 1920లలో ఆమె బళ్లని ఇటలీలో ప్రోత్సహించింది ఎవరనుకున్నారు? ముస్సోలినీ. ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు. పిల్లలు గొడవచేయకుండా, ఒక్కొక్కరూ తమ పనిలో మునిగి, చిన్నవయసులోనే చదవడం రాయడం నేర్చేసుకుంటుంటే ఏ ప్రభుత్వానికి చేదు? పొత్తు కొన్నేళ్లే నిలిచింది. బళ్ల మీద ఫాసిస్టు పెత్తనానికి ఆమె తలొగ్గలేదు. 1934కల్లా తెగతెంపులయ్యాయి, బళ్లు మూతపడ్డాయి, ఆమె దేశం విడిచింది. 1939లో భారతదేశానికి వచ్చి, యుద్ధం వల్ల ‘శత్రుదేశస్థురాలు’ అన్న ముద్రతో చిక్కుకుపోయి 1946 దాకా ఇక్కడే ఉంది. శాంతి రావాలంటే చదువు పసితనం నుంచే మారాలన్న మాటని అన్నేళ్లూ చెబుతూనే ఉంది. తర్వాత 1949, 1950, 1951 సంవత్సరాల్లో నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదనకి వెళ్లింది.

ఒకే పద్ధతిని ఒక నియంతా మెచ్చుకున్నాడు, శాంతి కోసం పనిచేసేవాళ్లూ మెచ్చుకున్నారు. అంటే పద్ధతిలో దానంతట అది పౌరుల్ని పుట్టించే మంత్రం లేదన్నమాట. దాన్ని ఎవరు, దేనికోసం వాడుతున్నారన్నది ముఖ్యం.

రెజియో ఎమిలియాలో ఆ ‘దేనికోసం’ మొదటి రోజు నుంచీ స్పష్టంగా ఉంది. 1945 వసంతంలో, యుద్ధం ముగిసిన కొద్దిరోజులకే, దగ్గర్లోని విల్లా చెల్లా అనే పల్లె జనం జర్మన్లు వదిలేసి పోయిన ఒక ట్యాంకునీ, కొన్ని లారీలనీ, గుర్రాలనీ అమ్మేసి ఆ డబ్బుతో పిల్లల బడి కట్టడం మొదలుపెట్టారు. ఈ సంగతి విని లోరిస్ మలగుజ్జి అనే కుర్ర టీచర్ సైకిలేసుకుని చూడటానికి వెళ్లాడు, తర్వాత జీవితమంతా ఆ పనిలోనే ఉండిపోయాడు. చెప్పినట్టు విని ఫాసిజం వెనక నడిచిన తరం తమ కళ్లముందే ఉంది. తమ పిల్లలు అలా కాకూడదని ఆ తల్లిదండ్రుల పట్టుదల. 1963లో పట్టణ మున్సిపాలిటీ తన మొదటి ప్రీస్కూల్ తెరిచింది. అక్కడ పిల్లల మాటలు రాసిపెట్టడం, ఫొటోలతో గోడలమీద పెట్టడం అందంకోసం కాదు. ఊరికి లెక్క చెప్పడానికి.

మూడు నెలల వయసుకే

‘పిల్లలకి తేడాలు తెలియవు, వాళ్లు దేవుళ్లు’ అని మనం అనుకోవడం ఇష్టం. పరిశోధనలు అంత తీపిగా లేవు.

మూడు నెలల పాపలకి రెండు మొహాలు చూపిస్తే, తాము రోజూ చూసే జాతి మొహంవైపే ఎక్కువసేపు చూస్తారు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇజ్రాయెల్‌లోని తెల్లజాతి పాపలు తెల్లవాళ్ల మొహాలవైపూ, ఇథియోపియాలోని పాపలు నల్లవాళ్ల మొహాలవైపూ మొగ్గారు. ఇథియోపియా నుంచి ఇజ్రాయెల్‌కి వలసవచ్చిన కుటుంబాల పాపలు, అంటే రెండు రకాల మొహాల మధ్యా పెరుగుతున్నవాళ్లు, ఎటూ మొగ్గలేదు. మరుసటి ఏడు వచ్చిన ఇంకో అధ్యయనంలో పది నెలల పిల్లలు తమ భాష మాట్లాడిన మనిషి చూపిన బొమ్మనే అందుకున్నారు. ఐదేళ్లవాళ్లు ఎవరితో స్నేహం చేస్తావంటే తమ యాసలో మాట్లాడే పిల్లల్నే ఎంచుకున్నారు.

దీన్ని ద్వేషం అనకూడదు. తెలిసినదాని వైపు మొగ్గడం, అంతే. కానీ అది ఎటు ముదురుతుందన్నది పెద్దల చేతుల్లో ఉంది. రెబెకా బిగ్లర్ అనే మనస్తత్వవేత్త బృందం 1997లో ప్రచురించిన ప్రయోగం నాకెప్పుడూ గుర్తొస్తుంది. వేసవి తరగతుల్లో పిల్లలకి కొందరికి నీలం టీషర్టులు, కొందరికి పసుపు టీషర్టులు ఇచ్చారు. కొన్ని గదుల్లో టీచర్లు రంగులని అసలు పట్టించుకోలేదు. మిగతా గదుల్లో మాత్రం రంగుల ప్రకారం కూర్చోబెట్టారు, పేరుపెట్టి పిలిచారు, లైన్లో నిలబెట్టారు. ఏ రంగు గొప్పదని ఎవరూ అనలేదు. కొన్ని వారాలకి రెండో రకం గదుల్లోని పిల్లలు మా రంగువాళ్లే మంచివాళ్లు అనడం మొదలుపెట్టారు. మొదటి రకం గదుల్లో ఆ జబ్బు రాలేదు.

టీషర్టుల సంగతి కదా అనుకోకండి. ‘అమ్మాయిలంతా ఇటు, అబ్బాయిలంతా అటు’ అని రోజుకి ఎన్నిసార్లు అంటాం? 2010లో ప్రీస్కూళ్లలో చేసిన ఒక అధ్యయనంలో టీచర్లు రెండు వారాలపాటు ఇలా అమ్మాయిలు, అబ్బాయిలు అని విడదీసి పిలిచారంతే. ఆ కాస్త సమయంలోనే పిల్లల్లో ‘ఇది అమ్మాయిల పని, అది అబ్బాయిల పని’ అన్న మాటలు పెరిగాయి, ఒకరితో ఒకరు ఆడుకోవడం తగ్గింది. గోడమీద ప్రపంచపటం వేలాడదీసి, దానికిందే రోజూ ఇలా లైన్లు కట్టించే బడి ఏం నేర్పుతోందో వేరే చెప్పాలా?

పటం అంటే గుర్తొచ్చింది. 1951లో పిల్లల ఆలోచనల మీద పనిచేసిన మనస్తత్వవేత్త ప్యాజే, అన్‌మారీ వైల్ కలిసి జెనీవా పిల్లలతో మాట్లాడారు. జెనీవా స్విట్జర్లాండ్‌లో ఉందని ఆరేడేళ్లవాళ్లు వల్లెవేస్తారు. మరి నువ్వు స్విస్ పౌరుడివేనా అంటే, కాదు, నేను జెనీవావాణ్ని, రెండూ ఒకేసారి ఎలా అవుతాను అంటారు. ఆరేడేళ్లకే ఈ సంగతి ఇంత గజిబిజిగా ఉంటే, మూడేళ్లవాళ్లకి జెండాలు చూపించి దేశాల పేర్లు చెప్పించడం వల్ల ఒరిగేదేంటి? వీడియో తీసి బంధువులకి పంపడానికి పనికొస్తుంది.

ఇలాంటి చదువుకి అమెరికాలో లూయీస్ డెర్మన్-స్పార్క్స్ 1989లోనే ‘టూరిస్టు పాఠాలు’ అని పేరుపెట్టింది. ఒకరోజు ఒక దేశపు వేషం, ఒక పాట, ఒక వంట, ఒక పండుగ. మర్నాడు మామూలే. దీంతో పిల్లలకి మిగిలేది, వాళ్లు వింతవాళ్లు, మనం మామూలువాళ్లం అన్న భావన. ఏడాదంతా ఉండే బొమ్మలు, కథలు, చర్మం రంగుకి సరిపోయే క్రేయాన్లు, వీల్‌చైర్లో ఉన్న మనిషి కథలో నాయకుడిగా ఉండటం, ఇవి చేసే పని ఆ ఒక్కరోజు వేడుక చేయలేదు. పేదదేశాల పిల్లల్ని ‘పాపం’ అని చూపించి చిల్లర పోగుచేయించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. జాలి నేర్పడం సులువే. వాళ్లకి ఎందుకు లేదు అన్న ప్రశ్న నాలుగేళ్లవాళ్లు కూడా అడుగుతారు. దానికి జవాబు చెప్పలేక మాట మార్చేది మనమే.

సొంత భాష ముందు

‘గ్లోబల్’ అనగానే ఇంటి భాష పక్కనపెట్టి పెద్ద భాష పట్టుకోవడమని చాలాచోట్ల అర్థమైపోయింది. దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, దానికి ఆధారం ఐక్యరాజ్యసమితి పత్రంలోనే దొరుకుతుంది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 29వ అధికరణం చదువు దేనికోసమో చెబుతుంది. పిల్లల తల్లిదండ్రులని, సొంత సంస్కృతిని, భాషని, విలువల్ని గౌరవించడం, తనదానికి భిన్నమైన నాగరికతల్ని గౌరవించడం, రెండిటినీ ఒకే వాక్యంలో పెట్టింది. ప్రజలందరి మధ్య స్నేహభావంతో బాధ్యతగా బతకడానికి పిల్లల్ని సిద్ధం చేయడం ఆ తర్వాతి వాక్యం. అమ్మ భాషంటే చిన్నచూపు నేర్చుకున్న పిల్ల ఇంకొకరి అమ్మ భాషని గౌరవిస్తుందనుకోవడం అత్యాశ.

న్యూజిలాండ్ 1996లో తెచ్చిన ‘తె ఫారికి’ అనే పసిపిల్లల పాఠ్యప్రణాళికలో ఈ మెలకువ కనిపిస్తుంది. అక్కడి ఆదివాసులైన మావోరీల విద్యావేత్తలతో కలిసి దాన్ని తయారుచేశారు. అన్వేషణ అందులో ఒక పాయ, నిజమే. ఆరోగ్యం, నాకూ ఇక్కడ చోటుంది అన్న భావన, నా వంతు సాయం, మాట, ఇవి మిగతా పాయలు. పిల్ల తన కుటుంబంతో, తన భాషతో గదిలోకి రాగలిగినప్పుడే ధైర్యంగా వెతుకుతుందన్నది దాని లెక్క.

“నువ్వు రావద్దు”

ఇక పిల్లల ఇష్టానికే వదిలేస్తే ఏమవుతుందో ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దాం. ఏ ప్రీస్కూల్లోనైనా రోజూ జరిగేదే. మూలన నలుగురు ఆస్పత్రి ఆట ఆడుతున్నారు. ఒకరు డాక్టరు, ఒకరు నర్సు, ఇద్దరు పేషెంట్లు. ఐదో పిల్ల వచ్చి నిలబడింది. డాక్టరు తలెత్తకుండానే, “ఇక్కడ ఖాళీ లేదు, నువ్వు రావద్దు” అంది. నిన్న కూడా ఈ పిల్లకి ఖాళీ లేదు. మొన్న కూడా. గమనిస్తే ఎప్పుడూ ఖాళీ దొరకనిది ఒకరిద్దరికే. కొత్తగా వచ్చినవాళ్లకో, సరిగ్గా మాట రానివాళ్లకో, ఇంకో యాస మాట్లాడేవాళ్లకో.

ఆట పిల్లలదే, నిర్ణయం పిల్లలదే అని టీచర్ చేతులు కట్టుకుని ఉండాలా? షికాగో యూనివర్సిటీ ల్యాబరేటరీ స్కూల్లో కిండర్‌గార్టెన్ టీచర్‌గా పనిచేసిన వివియన్ పేలీ ఏళ్లతరబడి పిల్లల ఆటలని, కథలని రికార్డు చేసి విన్న మనిషి. పిల్లల ఊహాశక్తిని ఆమెకన్నా గౌరవించినవాళ్లు తక్కువ. ఆమే చివరికి తన గదిలో ఒక నియమం పెట్టింది. ‘నువ్వు ఆడకూడదు’ అని ఎవరూ ఎవరితోనూ అనకూడదు. దాన్ని పైనుంచి పడేయలేదు. ముందు పిల్లలతో చర్చించింది, పై తరగతుల పిల్లల దగ్గరికి వెళ్లి అడిగింది. న్యాయమైనదే, కానీ అమలు కాదు అని చాలామంది పెద్దపిల్లలు పెదవి విరిచారు. నియమం పెట్టాక చిన్నపిల్లలు అనుకున్నదానికంటే త్వరగా అలవాటుపడ్డారు.

నా దృష్టిలో ఇక్కడ ముడి విడిపోతుంది. ఏ ఆట, ఎంతసేపు, ఎలా అన్నది పిల్లలు నడపాలి. ఎవరికి చోటుంది అన్నది వాళ్ల ఓటుకి పెట్టే విషయం కాదు. అది పెద్దవాళ్లు కాపాడాల్సిన హద్దు. ‘చైల్డ్ లెడ్’ అన్నవాళ్లు ఈ రెండిటినీ కలిపేసి, దౌర్జన్యం చేసే పిల్లకి పెత్తనం అప్పజెప్పి, దానికి స్వేచ్ఛ అని పేరుపెట్టుకోవడం నేను ఒప్పుకోను.

ఇంకో పొరపాటు దీనికి ఎదురుదిక్కున ఉంది. మంచితనాన్ని స్టిక్కర్లతో కొనడం. పద్దెనిమిది నెలల పిల్లలు కూడా, చేతినిండా పుస్తకాలతో అల్మారా తలుపు తీయలేక అవస్థపడే కొత్త మనిషిని చూస్తే, వెళ్లి తలుపు తీస్తారు. వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు 2006లో దీన్ని చూపించారు. రెండేళ్ల తర్వాత అదే జంట ఇంకోటి చూపించింది. సాయం చేసినందుకు బహుమానాలు ఇచ్చి, తర్వాత ఆపేస్తే, ఆ పిల్లలు బహుమానం అందనివాళ్లకంటే తక్కువ సాయం చేశారు. 1973లో బొమ్మలు గీసే పిల్లలతో వచ్చిన ఫలితం కూడా ఇలాంటిదే. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పినవాళ్లకి తర్వాత గీయడం మీదే సరదా తగ్గింది. ‘ఈ వారం దయగల పిల్ల’ అని బోర్డుమీద పేరు రాసే బళ్లు ఈ రెండూ ఒకసారి చూడాలి.

ఇంకో విమర్శ కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రపంచం పేరెత్తాక దాన్ని దాటేయలేం. పిల్లలకోసం ప్రత్యేకంగా ఒక గది, చిన్న కుర్చీలు, ఎంచుకోవడానికి అరలనిండా వస్తువులు, ఇదంతా ఒకరకం సమాజాల్లో పుట్టిన ఊహ. బార్బరా రోగాఫ్ అనే మనస్తత్వవేత్త మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలో మాయా అనే ఆదివాసీ కుటుంబాల దగ్గర ఏళ్లతరబడి చూసింది వేరు. అక్కడ పిల్లలు పెద్దల పనిలోనే తిరుగుతారు, చూస్తారు, చేతనైనంత చెయ్యేస్తారు. నీకేం కావాలని ఎవరూ అడగరు, బలవంతమూ పెట్టరు. ఆ పిల్లలు పక్కన జరుగుతున్నదాన్ని గమనించడంలో, చెప్పించుకోకుండా సాయానికి రావడంలో చురుగ్గా ఉన్నారు. అంటే ప్రపంచ పౌరుడికి కావాల్సిన గుణాలు కొన్ని, ‘నీ ఇష్టం ఏంటి’ అని అడగని ఇళ్లలో కూడా బాగానే పెరుగుతున్నాయి. ఎంపికలే సర్వస్వం అనుకునేవాళ్లు దీన్ని మింగలేరు. మంచి ప్రీస్కూళ్లలో మాత్రం ఇలాంటిది కొంత కనిపిస్తుంది. బల్ల తుడవడం, మొక్కలకి నీళ్లు పోయడం, చిన్నవాళ్లకి బొత్తాలు పెట్టడం ఆటబొమ్మలతో కాకుండా నిజంగానే చేయిస్తారు.

చూడటానికి వెళ్తే

పిల్లల్ని చేర్చేముందు బడి చూడటానికి వెళ్లేవాళ్లు గోడల్ని చూస్తారు. గోడలు మోసం చేస్తాయి. అన్ని బొమ్మలూ ఒకేలా ఉంటే, టీచర్ గీసినదానికి పిల్లలు రంగులేశారని అర్థం. ఒక్కో బొమ్మా ఒక్కోలా ఉండి, కింద పిల్ల అన్న మాట అలాగే, తప్పులతో సహా రాసి ఉంటే కాసేపు ఆగి చదవండి.

తర్వాత ఒక గొడవ కోసం ఎదురుచూడండి. ఎక్కువసేపు ఆగక్కర్లేదు, వస్తుంది. టీచర్ దూరం నుంచి “సారీ చెప్పు” అని అరిచి ఊరుకుందా? వస్తువు లాక్కుని అరలో పెట్టేసిందా? వచ్చి ఇద్దరి ఎత్తుకీ వంగి, ఏమైందో ఇద్దరి నోటా చెప్పించి, ఇప్పుడేం చేద్దామని వాళ్లనే అడిగిందా? మూడోది టైము తింటుంది. ముప్పై మంది పిల్లలకి ఒకే టీచర్ ఉన్న గదిలో అది జరగదు, ఆమెకి ఎంత మనసున్నా సరే. కాబట్టి టీచర్లు ఎంతమంది, వాళ్లకి శిక్షణ ఎంత, ఎన్నేళ్లుగా ఉంటున్నారు అన్నవి సిద్ధాంతం పేరు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు. జీతాలు సరిగ్గా లేక ఏటా టీచర్లు మారిపోయే బడిలో ఎవరి పద్ధతీ పనిచేయదు.

చివరగా టీచర్‌ని ఒకటి అడగండి. ఈ నెలలో ఒక పిల్లో పిల్లాడో అన్న మాట వల్ల మీ గదిలో మారినదేమైనా ఉందా? తడుముకోకుండా ఒకటి చెబితే మంచిదే. అప్పుడు, ఆ మాట అన్నది ఎప్పుడూ మాట్లాడేవాళ్లా, ఎప్పుడూ మాట్లాడనివాళ్లా అని కూడా అడగండి.